పెట్ క్లినిక్‌లో కొత్త ఉద్యోగం: చేరేముందు, చేరిన మొదటి నెలలో

ప్రశ్న: మాది పెందుర్తి. డిగ్రీ అయింది. సీతమ్మధారలో ఒక పెట్ క్లినిక్‌లో అసిస్టెంట్‌గా సోమవారం నుంచి రమ్మన్నారు. కుక్కలంటే ఇష్టమే గానీ ఈ పనిలో అనుభవం లేదు. కరుస్తాయేమోనని, రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో వాళ్లేమో ‘కుక్కల దగ్గర ఉద్యోగమా’ అంటున్నారు. ముందుగా ఏం నేర్చుకోవాలి?

సమాధానం:

అమ్మా, ముందుగా అభినందనలు. విశాఖలోని పెట్ క్లినిక్‌లలో చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం కూడా ఇప్పుడు నా బాధ్యతే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు రేబిస్ టీకా సంగతి. చేరిన రోజే డాక్టర్ గారిని అడగండి, ‘సార్, నాకు ముందస్తు టీకా వేయిస్తారా’ అని. ఇందులో మొహమాటం పడాల్సిందేమీ లేదు. జంతువులతో పని చేసేవాళ్లు కరవకముందే వేయించుకోవాల్సిన టీకా ఇది. మొదటి రోజు ఒకటి, ఏడో రోజు ఒకటి, 21 లేదా 28వ రోజు మరొకటి వేస్తారు. దీనివల్ల పెద్ద లాభం ఉంది. తర్వాత ఎప్పుడైనా కుక్క కరిస్తే ఆ రోజు ఒకటి, మూడో రోజు ఒకటి, రెండు బూస్టర్లు సరిపోతాయి. గాయం చుట్టూ పొడిచే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) అవసరం ఉండదు. ముందస్తు టీకా లేనివాళ్లకు చర్మం చీరి రక్తం వచ్చే గాయమైతే అది తప్పనిసరి, పైగా మొత్తం కోర్సు వేయించుకోవాలి.

టీకా వేయించుకున్నా సరే, కరిచినా రక్కినా చేసే మొదటి పని మారదు. పంపు కింద గాయం పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే నొప్పిలో రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తాయి. పసుపు, కారం, సున్నం లాంటివేవీ పెట్టకూడదు. తర్వాత వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కేజీహెచ్‌లో (విశాఖలోని కింగ్ జార్జ్ ప్రభుత్వ ఆసుపత్రిలో) కుక్క కాటు టీకాలు వేస్తారు. ‘చిన్న గీతే కదా, సాయంత్రం చూద్దాం’ అనుకోవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించే వైద్యం దాదాపు లేదు. పిల్లి కాటును కూడా తేలిగ్గా తీసుకోకండి. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది గానీ పళ్లు లోతుగా దిగుతాయి, మర్నాటికల్లా చెయ్యి వాచిపోతుంది. అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

రేబిస్ గురించి ఇంకొక్క మాట, ఇది ఎవరూ విడమర్చి చెప్పరు. క్లినిక్‌కు వచ్చే రేబిస్ కుక్క ప్రతిసారీ మీద పడి కరిచేలా ఉండదు. కొన్నిసార్లు దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేక నీరసంగా ఉంటుంది. గొంతు మారిపోతుంది. తెచ్చినవాళ్లు ‘ఎముక ఇరుక్కున్నట్టుంది, కాస్త నోరు తెరిచి చూడండమ్మా’ అంటారు. అప్పుడు చెయ్యి పెట్టకండి. గ్లౌజులు ఉన్నా పెట్టకండి. ఆ కుక్కను మిగతావాటికి దూరంగా ఉంచి, లోపలికి వెళ్లి ‘దవడ జారింది, మింగలేకపోతోంది, టీకా కార్డు లేదు’ అని డాక్టర్‌కు చెప్పండి. ఎముక ఇరుక్కున్న కేసులూ ఉంటాయి. ఏది ఏదో తేల్చేది డాక్టర్.

అసలు మీ పనేంటన్నది కూడా ఇందులోనే ఉంది. కొత్తవాళ్లలో చాలామంది ఇంజెక్షన్ ఎప్పుడు నేర్పుతారా, మందుల పేర్లు ఎప్పుడు వస్తాయా అని తొందరపడతారు. అవి వాటంతట అవే వస్తాయి. మొదటి నెలలో డాక్టర్‌కు మీవల్ల కావాల్సింది చూసింది చూసినట్టు చెప్పడం. ‘కుక్క డల్‌గా ఉంది సార్’ అంటే ఆయనకు ఏమీ తెలియదు. ‘పొద్దుటి నుంచి నాలుగుసార్లు వాంతి చేసుకుంది, చివరిది పసుపు రంగులో ఉంది, నీళ్లు తాగినా కక్కేస్తోంది, చిగుళ్లు తెల్లగా ఉన్నాయి’ అంటే సగం కేసు అక్కడే తెలిసిపోతుంది. ఇలా చెప్పడానికి డిగ్రీతో పని లేదు, కళ్లు పెట్టి చూస్తే చాలు.

కొన్ని అంకెలు మాత్రం బట్టీ పట్టండి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. పిల్లిదీ ఇంచుమించు అంతే. మన లెక్కన 101 అంటే జ్వరం కాబట్టి ఓనర్లు ఒళ్లు ముట్టుకుని కంగారు పడతారు. గుండె నిమిషానికి కుక్కకు 60 నుంచి 140 సార్లు కొట్టుకుంటుంది. చిన్న జాతులకు ఎక్కువ, పెద్ద జాతులకు తక్కువ. పిల్లికి 140 నుంచి 220 దాకా ఉండొచ్చు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోతే, లేదా చిగుళ్లు పాలిపోయి ఉంటే, క్యూలో ఎంతమంది ఉన్నా డాక్టర్‌కు వెంటనే చెప్పాలి.

బరువు విషయంలో అసలు రాజీ పడొద్దు. మందు లెక్కంతా కిలోల మీదే. ‘పోయిన నెల 12 ఉందండీ’ అని ఓనర్ అన్నా మళ్లీ తూచండి. పప్పీలను చిన్న కాటా మీద తూచి పాయింట్లతో సహా రాయండి, పక్కన తేదీ వేయండి. రాసిన అంకెను పైకి చదివి వినిపించండి. 3.4 కాస్తా 34 అయిందంటే మందు పదింతలు అవుతుంది.

ఇప్పుడు మీ అసలు భయం, కరవడం. కుక్క ఉన్నట్టుండి కరవడం అరుదు. ముందే చెబుతుంది, మనమే చూడం. కంటి పక్కన తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడడం, ఆకలి లేకుండానే మూతి నాక్కోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడడం, ఇవన్నీ ‘నాకు భయంగా ఉంది, దగ్గరికి రాకు’ అని చెప్పడమే. తోక ఊపుతోంది కదా అని నమ్మేయకండి. బిగుసుకున్న తోకను నిటారుగా పెట్టి ఊపే కుక్క స్నేహంగా లేనట్టే లెక్క. గుర్రుమంటే ఓనర్లు నెత్తిన ఒకటి వేస్తుంటారు, దాన్ని ఆపండి. గుర్రుమనడం మనకు మంచిదే, అది హెచ్చరిక. తిట్టి తిట్టి దాన్ని మానిపిస్తే ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది.

దగ్గరికి వెళ్లేటప్పుడు ఎదురుగా కాకుండా పక్కకు తిరిగి కూర్చోండి. తల మీదికి వంగకండి. దాన్నే వచ్చి వాసన చూడనివ్వండి. మజిల్ (కరవకుండా మూతికి తొడిగేది) వేయమని డాక్టర్ చెబితే ‘పాపం’ అనుకోవద్దు, దానివల్ల అందరూ నిశ్చింతగా ఉంటారు, పని కూడా తొందరగా తెములుతుంది. కాకపోతే ఊపిరి ఆడక ఆయాసపడే కుక్కకు, వాంతులవుతున్న కుక్కకు, పగ్‌లాంటి చప్పిడి మూతి కుక్కకు మూతి బిగించి కట్టకూడదు. స్టీల్ బల్ల మీద రబ్బరు మ్యాట్ ఉందో లేదో చూడండి. కాళ్లు జారుతుంటే ఎంత సాధు కుక్కైనా గింజుకుంటుంది.

రక్తం తీసేటప్పుడు పట్టుకోవడం మీరు మొదటి వారంలోనే చేయాల్సి వస్తుంది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కుక్క బల్ల మీద కూర్చుని ఉందనుకోండి, మీరు దాని కుడి పక్కన నిలబడ్డారనుకోండి. మీ కుడి చెయ్యి గడ్డం కింద నుంచి పోనిచ్చి తలను మీ భుజానికి ఆనించుకోండి, మూతి డాక్టర్ వైపు తిరగకూడదు. ఎడమ చెయ్యిని వీపు మీదుగా అవతలి ముందుకాలి దగ్గరకు తెచ్చి, మోచేతి వెనక అరచెయ్యి పెట్టి కాలిని ముందుకు చాపండి. బొటనవేలు మోచేతి మడత మీద అడ్డంగా వేసి నొక్కి, కొద్దిగా బయటికి తిప్పండి. నరం ఉబ్బి పైకి కనిపిస్తుంది. అంతసేపూ ఊపిరి బిగబట్టకుండా మెల్లగా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి, మీ ఒళ్లు బిగుసుకుంటే దానికి తెలిసిపోతుంది. డాక్టర్ ‘వదలండి’ అంటే బొటనవేలు ఒక్కటే ఎత్తాలి, కాలు వదలకూడదు. కొత్తవాళ్లు ఆ మాట వినగానే మొత్తం వదిలేస్తారు, సూది ఇంకా నరంలోనే ఉంటుంది. సూది తీశాక దూది పెట్టి ఒక నిమిషం గట్టిగా అదమండి.

రక్తం చూస్తే కళ్లు తిరగడం సిగ్గుపడే విషయం కాదు. మొదటిసారి ఆపరేషన్ చూసినప్పుడు చాలామందికి అవుతుంది. ఖాళీ కడుపుతో రావద్దు, టిఫిన్ తిని రండి. చెమటలు పట్టి చెవుల్లో హోరుమంటే ‘సార్, నాకు తిరుగుతోంది’ అని పైకి చెప్పి, జంతువును ఇంకొకరు పట్టుకున్నాక గోడకు ఆనుకుని కింద కూర్చోండి. చెప్పకుండా చెయ్యి వదలడం ఒక్కటే తప్పు. కొద్దివారాల్లో అలవాటు పడతారు.

పిల్లుల పద్ధతి పూర్తిగా వేరు. బుట్ట తెరవకముందే కిటికీలు, తలుపులు మూయండి, ఫ్యాన్ ఆపండి. కుక్కల పక్కన కూర్చోబెట్టకండి. బుట్ట మీద ఒక తువ్వాలు కప్పితే అరుపులు తగ్గుతాయి. బుట్ట నుంచి ఈడ్చి తీయకుండా, పై మూత ఊడేదైతే అది తీసి, అడుగు భాగంలో ఉండగానే డాక్టర్‌ను చూడనివ్వండి. మెడ పట్టి పైకెత్తడం పాత అలవాటు, మీరు నేర్చుకోవద్దు. తువ్వాలులో చుట్టి పట్టుకుంటే చాలు.

ఫోన్ మీ చేతికే వస్తుంది, అక్కడ మీ మాట మీద ప్రాణాలు ఆధారపడిన సందర్భాలు ఉంటాయి. ‘మగ పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుంటోంది, మోషన్ రావట్లేదనుకుంటా’ అని ఫోన్ వస్తే మొదట అడగాల్సింది ‘ఒంటికి పోస్తోందా’ అని. మూత్రం దారి మూసుకుపోయిన పిల్లిని చూసి ఓనర్లు మలబద్ధకం అనుకుంటారు. అది రేపటి వరకు ఆగే కేసు కాదు, వెంటనే తీసుకురమ్మనాలి. పొట్ట డోలులా ఉబ్బి వాంతి వస్తున్నట్టు చేసినా ఏమీ రాని పెద్ద కుక్క కూడా అంతే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చి కొన్ని వారాలైంది, నీళ్లు విపరీతంగా తాగుతోంది, తిండి మానేసింది అంటే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి, అదే రోజు రమ్మనాలి.

‘జ్వరంగా ఉంది, డోలో వేయమంటారా’ అనే ఫోన్లు రోజూ వస్తాయి. పారాసెటమాల్ సగం మాత్రైనా పిల్లి ప్రాణం తీయగలదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫినాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. కుక్కల గోమార్లకు మెడ మీద వేసే చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ ఉన్నది పిల్లికి వేస్తే ఫిట్స్ వస్తాయి. ‘ఇప్పటికే వేశారా? ఏది, ఎంత, ఎన్ని గంటలకు?’ అని అడిగి రాసుకుని డాక్టర్‌కు ఇవ్వండి. ఫోన్‌లో మీరు మాత్రం డోసు చెప్పకండి, ఎంత తెలిసినా సరే. వైద్యం చేయడం, మందు రాయడం రిజిస్టర్ అయిన పశువైద్యుల పని అని 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం చెబుతోంది. మీరు చేరిన వారానికి చుట్టాలు, పక్కింటివాళ్లు మందులు అడగడం మొదలుపెడతారు. ‘క్లినిక్‌కు తీసుకురండి, నేనే దగ్గరుండి చూపిస్తాను’ అనండి, ఎవరూ నొచ్చుకోరు.

శుభ్రం గురించి ఒక్క పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ జబ్బు) గురించి చెబితే మిగతావి అర్థమైపోతాయి. టీకాలు పూర్తికాని పప్పీ రక్త విరోచనాలతో వస్తే, ఆ వాసన ఒకసారి పీలిస్తే మళ్లీ మర్చిపోరు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కు లొంగదు. ముందు మలినాన్ని పూర్తిగా తుడిచేయాలి, మురికి మీద బ్లీచ్ పని చేయదు. తర్వాత ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. బ్లీచ్‌లో యాసిడ్ గానీ టాయిలెట్ క్లీనర్ గానీ ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఆ పప్పీని పట్టుకున్న చేతులతో టీకాకు వచ్చిన ఇంకో పప్పీని ముట్టుకోకండి. మీ ఇంట్లో కుక్కపిల్ల ఉంటే క్లినిక్ చెప్పులు, బట్టలు అక్కడే వదిలి రండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, నేరుగా తెల్ల డబ్బాలో వేయండి. ఎక్స్‌రే గదిలో సీసం ఏప్రాన్ లేకుండా నిలబడమంటే కుదరదని చెప్పండి.

మన ఊరి వాతావరణం వల్ల వచ్చే కేసులు కొన్ని ఉంటాయి. ఉక్కపోత ఊరు కాబట్టి గోమార్లు దాదాపు ఏడాది పొడవునా ఉంటాయి. ముక్కు నుంచి రక్తం, పాలిపోయిన చిగుళ్లు, విడవని జ్వరం కనిపిస్తే చెవి లోపల, వేళ్ల సందుల్లో గోమార్ల కోసం వెతకండి, వాటి వల్ల వచ్చే టిక్ ఫీవర్ కావచ్చు. ఏప్రిల్ వచ్చిందంటే బీచ్ రోడ్‌లో ఎండలో నడిపించిన హస్కీలు, పగ్‌లు వడదెబ్బతో వస్తాయి. మామూలు పంపు నీళ్లతో ఒళ్లు తడిపి ఫ్యాన్ కింద పెట్టాలి. ఐసు ముక్కల్లో ముంచకూడదు. వానల్లో ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు) వస్తుంది, అది మనకూ అంటుతుంది. పచ్చకామెర్లున్న కుక్క మూత్రం గ్లౌజులు లేకుండా తుడవకండి.

తుపానుల కాలంలో ఫ్రిజ్ మీద ఒక కన్నేయండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. వేడెక్కిన టీకా చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పని మాత్రం చేయకపోవచ్చు. పొద్దున, సాయంత్రం ఫ్రిజ్ టెంపరేచర్ రాసే పని ఎవరూ చేయకపోతే మీరే అడిగి తీసుకోండి. కొత్తమనిషి మీద నమ్మకం కుదరడానికి ఇంతకన్నా మంచి పని నాకు తెలియదు.

ఇక మనుషుల విషయం. వచ్చేవాళ్లలో నేవీ కుటుంబాలు, స్టీల్ ప్లాంట్ వాళ్లు చాలామంది ఉంటారు, కాబట్టి కాస్త హిందీ వస్తే బాగా పనికొస్తుంది. బదిలీ మీద వెళ్లేవాళ్లు రైలుకో విమానానికో సర్టిఫికెట్ అడుగుతారు. టీకా కార్డు ముందుగా తెప్పించి పెట్టండి. సంతకం మాత్రం డాక్టర్ కుక్కను చూశాకే. కొందరు ఓనర్లు అరుస్తారు. ఎక్కువసార్లు అది భయంతోనే, లేదా బిల్లు ఎంతవుతుందోనన్న దిగులుతోనే. ‘లోపల ఒక సీరియస్ కేసు ఉందండీ, ఇంకో ఇరవై నిమిషాలు పడుతుంది’ అని ఉన్నమాట చెబితే చాలావరకు నెమ్మదిస్తారు. బాగవుతుందని మాత్రం మీరు హామీ ఇవ్వకండి.

కోలుకోలేని జంతువును నొప్పి లేకుండా సాగనంపాల్సిన రోజు కూడా వస్తుంది. ఆ కుటుంబాన్ని హాల్లో అందరి మధ్యా కూర్చోబెట్టకండి. బిల్లు, సంతకాల పని ముందే ముగించండి, ఏడుస్తున్న మనిషి చేతికి రసీదు ఇవ్వాల్సిన అవసరం రాకూడదు. దాన్ని పేరు పెట్టి పిలవండి. ‘ఇంకోదాన్ని తెచ్చుకోండి’ అనే మాట అనకండి. ఆ రోజు మీకూ ఏడుపొస్తే రానివ్వండి, ఈ వృత్తిలో ఎన్నేళ్లున్నా అందరికీ వస్తుంది.

ఇంట్లో వాళ్ల మాటకు వాదన పెట్టుకోకండి. జీతం మొదట్లో తక్కువే ఉంటుంది, అది నిజమే. వాళ్లు అడిగేది కూడా ముఖ్యంగా భద్రత గురించే అయి ఉంటుంది. అందుకే చేరేటప్పుడే కొన్ని తేల్చుకోండి: డ్యూటీ ఎన్ని గంటలు, రాత్రి ఆలస్యమైతే పెందుర్తికి ఎలా చేరాలి, వారానికి సెలవు ఉందా, విధుల్లో గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది. ఇవన్నీ వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా తీసుకోండి. ఈ పని మీకు నచ్చి ముందుకు వెళ్లాలనిపిస్తే రాష్ట్రంలో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా ఉంది. దాని అర్హతలు వేరేగా ఉంటాయి, శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నోటిఫికేషన్ చూడండి.

సోమవారానికి జారని అడుగున్న బూట్లు, ఒక జత మార్చుకునే బట్టలు, జేబులో పట్టే నోట్‌బుక్కు, పెన్ను తీసుకెళ్లండి. గోళ్లు కత్తిరించుకోండి, వేలాడే చెవి కమ్మలు, చున్నీ వద్దు, జుట్టు ముడి వేసుకోండి. సెంటు కొట్టుకోకండి, పిల్లులకు పడదు.